తల ఊపిన పిల్ల

1994 ఏప్రిల్. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వెనక, ఫ్యాక్టరీ కార్మికులు కిరాయికి ఉండే రేకుల గదుల వాడ. మొదటి షిఫ్టు వదిలి ఎంతో సేపు కాలేదు. ఒక గది ముందు సందు నిండా జనం నిలబడి ఉన్నారు. గది తలుపు మూసి ఉంది. లోపల అనసూయమ్మ అనే ఆమె, ఆమెతో పాటు ఐదుగురు పసిపిల్లలు. బయట ఒకతని చేతిలో కిరసనాయిలు డబ్బా.

నేను సైకిల్ దిగి గోడకు ఆనించేలోపే ఒకతను నా భుజం పట్టుకున్నాడు. "పేపరాయన గదా నువ్వు? రాయి సార్. పసిపిల్లకు గంటె కాల్చి వాతలు పెట్టింది. కడుపు మీద, తొడ మీద. నా కండ్లతోని చూసిన."

వెనక నుంచి మరొకరు, "ముందుగాల ఫొటో తీస్కో. తీసినంక మేం జూస్కుంటం" అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. పని పంచుకుంటున్నట్టు ఉంది. నన్ను భయపెట్టింది అదే. కోపంగా ఉన్న గుంపును అంతకు ముందు చాలాసార్లు చూశాను. ఫ్యాక్టరీ గేట్ల ముందు, రోడ్డు ప్రమాదాల దగ్గర, అరిచి అరిచి అలిసిపోతారు. ఇక్కడ ఎవరూ పెద్దగా అరవడం లేదు.

ఒకావిడ మాత్రం తలుపు బాదుతోంది. "మా పోరడు లోపల్నే ఉన్నడు. అనసూయా, తలుపు తియ్యే. నా పోరన్ని నాకియ్యి." లోపలి నుంచి మాట లేదు, పిల్లల ఏడుపు వినిపిస్తోంది. తలుపు తీస్తే ఏమవుతుందో లోపలామెకు తెలుసు. తీయకపోతే ఏమవుతుందో బయట డబ్బా పట్టుకున్నతనికి తెలిసినట్టు లేదు. ఆ ఏడుపు అతని చెవికి ఎక్కడం లేదు.

కాసేపటికి జీపు వచ్చింది. ఎస్సై, వెంట ఇద్దరు కానిస్టేబుళ్లు. అంతమందిని లాఠీతో చెదరగొట్టడం ఆ ముగ్గురి వల్ల అయ్యే పని కాదు. ఎస్సై ఆ ప్రయత్నం చేయలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడి, "లోపల ఎవరి పిల్లలున్నరో వాళ్లు ముందుకు రండి" అన్నాడు. "ఒక్కొక్కరే రండి. పిల్లను తీస్కొని ఇంటికి పొండి."

తల్లులు, తండ్రులు ఒక్కొక్కరే గుంపులోంచి బయటకు వచ్చారు. అప్పుడు చూశాను, వాళ్లలో ఇద్దరు అంతదాకా డబ్బా పక్కనే నిలబడి ఉన్నారు. ఎస్సై తలుపు దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. తలుపు కొంచెం తెరుచుకుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బయటకు వచ్చారు. పిల్ల చేతికి వచ్చిన ప్రతి ఇంటివాళ్లూ గుంపును వదిలి వెళ్లిపోయారు. చివరికి అనసూయమ్మను ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య జీపు ఎక్కించారు. రాళ్లు పడ్డాయి. ఒకటి ఆమె కనుబొమ మీద తగిలింది. ఆమె చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

నేను అప్పుడు ఒక దినపత్రికకు పటాన్‌చెరు కంట్రిబ్యూటర్‌ని. అంటే ఊళ్లోనే ఉంటూ వార్తలు రాసి పంపేవాణ్ణి. రాసిన కాగితాలను కవర్లో పెట్టి, సంగారెడ్డి నుంచి వచ్చే బస్సులో కండక్టర్ చేతికిస్తే సాయంత్రానికి హైదరాబాద్ చేరేవి. దాన్ని మేము 'కవర్' అనే అనేవాళ్లం. కవర్ అందిందంటే వార్త అందిందని. అర్జెంటు వార్తయితే ఎస్టీడీ బూత్ నుంచి డెస్క్‌కు ఫోన్ చేసి చెప్పాలి. డెస్క్ అంటే, మేము పంపింది దిద్ది శీర్షిక పెట్టే సబ్ఎడిటర్ల బల్ల.

అసలు జరిగింది ఏమిటంటే, ఆ వాడలో భార్యాభర్తలు ఇద్దరూ షిఫ్టులకు పోయే ఇళ్లు ఎక్కువ. భర్త పోయిన అనసూయమ్మ తన గదిలో వాళ్ల పిల్లలను చూసుకునేది. పిల్లలు ఆమెను ఆయమ్మ అనేవాళ్లు. గట్టి మనిషి. గొంతు ఇంకా గట్టిది. నర్సింలు, లలిత దంపతుల నాలుగేళ్ల కూతురు స్వప్న కూడా ఆమె దగ్గరే ఉండేది. నర్సింలు లేతు మిషన్ మీద పని చేసేవాడు. లలిత మాత్రల ప్యాకింగ్‌కు పోయేది.

ఆ మంగళవారం లలిత షిఫ్టు నుంచి వచ్చి బిడ్డను ఇంటికి తెచ్చుకుంది. ముందు రెండు రోజులు నీళ్ల ట్యాంకర్ రాలేదు. ఆ వాడలో బోరు నీళ్లు పిల్లల ఒంటికి పోసే రంగులో ఉండవు. ఆ మధ్యాహ్నం ట్యాంకర్ రావడంతో గదుల ముందు బండ మీద అందరూ పిల్లలకు స్నానాలు మొదలుపెట్టారు. లలిత కూడా బిడ్డ గౌను విప్పింది. బొడ్డు చుట్టూ నల్లటి మచ్చలు, వాటి చుట్టూ నీరు పట్టిన బొబ్బలు. తొడ మీద మరికొన్ని. నీళ్లు తగలగానే పిల్ల కెవ్వుమంది.

బండ చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ చూశారు. అందరికీ ఒకే మాట గుర్తొచ్చింది. అనసూయమ్మ రోజూ పిల్లలను బెదిరించే మాట: "సాప మీద ఉచ్చ పోస్తే గంటె కాల్చి వాత పెడ్త." పక్క గదులకు మధ్య ఉన్నది ఒక ఇటుక గోడ. ఆ మాట అందరూ విన్నదే. నిజం చెప్పాలంటే ఆ బండ దగ్గర ఉన్న ప్రతి తల్లీ తన పిల్లలను ఏదో ఒక రోజు అదే మాట అని ఉంటుంది. మా అమ్మ నన్నూ అన్నది. ఎవరూ పెట్టరు, అందరూ అంటారు.

ఒకామె వంగి పిల్లను అడిగింది, "ఆయమ్మ గంటెతోని కాల్చిందా బిడ్డా?" స్వప్న తల ఊపింది.

"ఎవ్వరికి చెప్పొద్దన్నదా?" తల ఊపింది.

"మళ్ల పెడ్తనన్నదా?" మళ్లీ ఊపింది.

అక్కడి నుంచి అనసూయమ్మ గది ముందుకు జనం చేరడానికి ఎంతో సేపు పట్టలేదు.

నేను బూత్ నుంచి డెస్క్‌కు ఫోన్ చేశాను. అవతలి సబ్ఎడిటర్ కుర్రవాడు, హుషారైనవాడు. "ఆయమ్మ పైశాచికం అని పెడదామండీ. పిల్ల ఫొటో ఉందా?" అన్నాడు.

"ఆమె వెర్షన్ లేదు" అన్నాను. వెర్షన్ అంటే ఆరోపణ పడినవాళ్ల మాట. అది లేకుండా వార్త సగమే.

"పిల్ల చెప్పిందిగా?"

"పిల్ల చెప్పలేదు. తల ఊపింది."

"రెండూ ఒకటే కదండీ."

నాకూ అప్పటికి రెండూ వేరని గట్టిగా తెలియదు. అయినా డాక్టర్ చూసేదాకా పేర్లు వద్దన్నాను. వాడలో ఉద్రిక్తత, పిల్లలు క్షేమం, మహిళను పోలీసులు విచారిస్తున్నారు. అంతవరకే చెప్పి పెట్టేశాను. మరో పత్రిక మర్నాడు ఆమె పేరు, వాడ పేరు, గంటె సహా అన్నీ వేసింది.

స్టేషన్‌కు వెళ్లేసరికి అనసూయమ్మ వరండాలో కింద కూర్చుని ఉంది. కనుబొమ మీద రక్తం ఎండిపోయింది. బల్ల మీద ఆమె ఇంటి గంటె పెట్టి ఉంది. నేను ఎవరో చెప్పుకున్నాను. ఆమె అడిగిన మొదటి మాట, "సార్, పోరగాండ్లందరు ఇండ్లల్లకు చేరిండ్రా? వాండ్లు అన్నం తినలే."

చేరారని చెప్పాను. ఏం జరిగిందని అడిగాను.

"నాకేం ఎరుక సార్. ఆ పిల్ల నిన్నటి సంది గీకుకుంటనే ఉన్నది. చెమటకాయలనుకున్న. గౌను లేపి చూడలే."

"వాత పెడతానని అనేదానివట."

"అంట. దినాం అంట. నువ్వు అనవా సార్ మీ పిల్లల్ని?" కాసేపు గంటె వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి అన్నది, "నడుమ నడుమ ఒకటి అనిపిస్తున్నది సార్. గంత మంది పెట్టిందనే అంటున్నరు. పిల్ల గూడ అవునంటున్నది. కోపంల పెట్టి మర్చిపోయిన్నా ఏంది నేను? గట్ల మర్చిపోతరా ఎవరన్న?"

పాతికేళ్ల విలేకరి వృత్తిలో శవాలను చూశాను, ఫ్యాక్టరీల్లో పేలిన రియాక్టర్లను చూశాను. ఆ ప్రశ్న విన్నప్పుడు పుట్టిన భయం వేరు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, నిజాన్ని దాచడం లేదు. తనకు తెలిసిన నిజం తన చేతిలోంచే జారిపోతుంటే పట్టుకోలేకపోతోంది. ఇంకో పూట అలాగే కూర్చోబెట్టి నలుగురు అడిగితే ఆమె ఒప్పుకునేది. నాకు ఆ విషయంలో అనుమానం లేదు.

ఆ సాయంత్రమే పిల్లను జిల్లా కేంద్రం సంగారెడ్డికి తీసుకెళ్లారు. ఎస్సైతో పాటు నేనూ వెళ్లాను. ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ యాభై దాటిన మనిషి, తొందరపడని మనిషి. బొబ్బలను చాలాసేపు చూసింది. లోపల గదిలో ఉక్కపోతగా ఉందని పిల్లను వరండాలోకి తెచ్చి, తనూ కింద కూర్చుంది. తల్లిదండ్రులను దూరంగా బల్ల మీద కూర్చోమంది.

ఎస్సై, "పిల్ల చెప్పింది మేడం. ఎంతమంది అడిగినా అదే చెప్తోంది" అన్నాడు.

డాక్టరమ్మ అతని వైపు చూడలేదు. పిల్ల వైపు తిరిగి మామూలుగా అడిగింది. "బిడ్డా, నేను కాల్చిన్నా?"

స్వప్న తల ఊపింది.

"ఈ పోలీసు మామ కాల్చిండా?"

మళ్లీ ఊపింది.

ఎస్సై టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. దూరంగా బల్ల మీద లలిత లేచి నిలబడింది. నర్సింలు ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

తర్వాత డాక్టరమ్మ ఏమీ అడగలేదు. పిల్ల గాజులు లెక్కపెట్టింది, తన వాచీ చూపించింది. పిల్ల వాచీ చెవి దగ్గర పెట్టుకుని వింటుండగా, బొడ్డు పక్కన మచ్చ మీద వేలు తగలకుండా చూపించి, "ఇదేందో నాకు తెల్వదు. నువ్వు చెప్పు" అంది.

"సుక్క" అంది స్వప్న.

"అట్లనా."

"అవ్వ పెట్టింది. దీపం కాడ. కడుపునొస్తుందంటే పెట్టింది." "అమ్మకు చెప్తే కొట్లాడతదన్నది" అంది.

నర్సింలు తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"నల్లజీడి" అంది డాక్టరమ్మ. ఆ గింజ సంగతి పల్లెల్లో పుట్టినవాళ్లకు తెలుసు. చాకలివాళ్లు బట్టలకు చెరగని గుర్తు పెట్టేది దాని రసంతోనే. గింజకు సూది గుచ్చి దీపం మీద వేడి చేస్తే నల్లటి నూనె వస్తుంది. పిల్లలకు కడుపునొప్పి వచ్చినా, దిష్టి తగిలిందనుకున్నా ఆ సూదితో బొడ్డు చుట్టూ చుక్కలు పెట్టడం ముసలివాళ్లకు అలవాటు. చాలామందికి ఏమీ కాదు. కొందరి ఒంటికి అది పడదు. వెంటనే తెలియదు కూడా. ఒకటి రెండు రోజులు పోయాక కాలినట్టు బొబ్బలు లేస్తాయి. గోకితే ఆ రసం వేళ్లకు అంటుకుని ఇంకో చోట లేస్తాయి. తొడ మీద మచ్చలు అలా వచ్చినవే.

ఆదివారం స్వప్న, కంది దాటాక లోపలికి ఉండే పల్లెలో నర్సింలు తల్లి దగ్గర ఉంది. సోమవారం తెల్లవారి నర్సింలు బిడ్డను అక్కడి నుంచి తెచ్చి, నేరుగా అనసూయమ్మ గదిలో దింపి షిఫ్టుకు పోయాడు. నీళ్లు లేవు, స్నానం లేదు, గౌను ఎవరూ విప్పలేదు.

నర్సింలు ఎస్సై దగ్గరికి వచ్చాడు. "సార్, మా అమ్మను గూడ పట్కపోతరా?"

"ఎందుకయ్యా?"

"వాడకట్టోళ్లకు తెలిస్తే మా అమ్మ మీదికి పోతరు సార్. వాండ్లకు ఎవరో ఒకరు గావాలె."

మర్నాడు ముసలామెను స్టేషన్‌కు తీసుకొచ్చారు. ఎస్సై బెదిరించలేదు, కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు. చీర కొంగు ముడి విప్పి గింజ చూపించింది. పక్కనున్న నర్సింలు వైపు తిరిగింది. "నా నలుగురు కొడుకులకు పెట్టిన బాంచెను. వీనికి గూడ పెట్టిన. ఎవ్వనికి గిట్ల గాలే. ఆ పిల్లది పట్నపు తోలు."

లలిత ఆమె ఎదురుగానే ఉంది. "నాకొక్క మాట చెప్తే అయిపోవు గదా అత్తమ్మా" అంది.

"చెప్తే నువ్వు ఊకుంటవా? ఎన్నడన్న ఊకున్నవా?"

ఆ కుటుంబంలో పాత తగాదా ఒకటి ఇలా ఇంకో మనిషి నెత్తిన పడిందని అప్పుడు అర్థమైంది. కోడలికి మందు మాత్రల మీద నమ్మకం, అత్తకు గింజ మీద నమ్మకం. ఇద్దరూ పిల్ల మేలు కోరినవాళ్లే.

అనసూయమ్మను వదిలేశారు. నేను ఫాలోఅప్ రాశాను, అంటే ముందు రోజు వార్తకు కొనసాగింపు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. సింగిల్ కాలమ్‌లో, లోపలి పేజీలో వచ్చింది. మొదటి రోజు గంటెతో సహా అన్నీ వేసిన పత్రిక ఆ సంగతి వేయలేదు. వాడలో టీ కొట్టు దగ్గర నా వార్త చదివి వినిపించాను. విన్నవాళ్లలో ఒకతను, "డాక్టరమ్మను ఎవరో మేనేజ్ చేసి ఉంటరు" అన్నాడు. ఇంకొకతను, "ఎట్లయితే ఏంది, అన్నదైతే నిజమే గదా, వాత పెడ్తనని" అన్నాడు. డబ్బా పట్టుకున్నతను అక్కడే టీ తాగుతున్నాడు. గ్లాసు పెట్టేసి వెళ్లిపోయాడు.

కొన్ని రోజులకు లలిత అనసూయమ్మ గడప దగ్గరికి వచ్చింది. ఆ పూట నేను అక్కడ ఉన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు.

"అక్కా, తప్పయింది."

"నువ్వు అడిగినప్పుడు గూడ తలకాయ ఊపిందా నీ బిడ్డ?"

"ఊపింది."

"ఇగ నువ్వు మాత్రం ఏం జేస్తవ్. నేనైనా నమ్ముదు." అనసూయమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది. "నాకే నమ్మబుద్ధయింది, నిన్నేమంట."

"రేపటి సంది స్వప్నను తోలియ్యనా? అందరు చూస్తరు. చూస్తే వాండ్లు గూడ తోలుతరు."

ఆ ఆలోచన మంచిదే. మర్నాడు పిల్లను తీసుకొచ్చింది. స్వప్న గడప దాకా వచ్చింది. అనసూయమ్మ చెయ్యి చాపింది. పిల్ల ఏడవలేదు, నిలబడిన చోటే గౌను తడుపుకుంది. అనసూయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "తీస్కపో లలితా. దీన్ని సతాయించకు. అది నన్ను చూస్తే దడుసుకుంటున్నది" అంది.

ఆ తర్వాత ఆమె పిల్లలను చూసుకోవడం మానేసింది. బిహార్, ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్ల మెస్‌లో వంటకు కుదిరింది. కొన్నేళ్లకు బీరంగూడ వైపు గది మార్చింది. ఆ వాడలో 'వాత పెడ్త' అన్న మాట కొన్నాళ్లు వినిపించలేదు. తర్వాత మళ్లీ మొదలైంది.

నాకు ఆ కేసు నేర్పింది ఒకటే. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడిగితే, వచ్చేది నా జవాబే, ఎదుటివాళ్లది కాదు. పసిపిల్లయితే మరీనూ. పెద్ద మనిషి అడిగితే అవునంటే పని అయిపోతుందని, అందరూ ఏడుపు ఆపుతారని పిల్లకు తెలుసు. తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న విలేకరులకు ముందు చెప్పేది ఇదే: 'ఏమైంది' అని అడగండి, 'ఇట్లా అయిందా' అని అడగొద్దు. నిజంగా దెబ్బలు తిన్న పిల్లలూ ఉంటారు. అటువంటి కేసులూ తర్వాత చూశాను. వాళ్లను నమ్మాలన్నా ముందు వాళ్ల మాట వాళ్ల నోటి నుంచి రావాలి.

ఇంతటితో ఆపేయవచ్చు. కానీ 2007లో రుద్రారం బస్టాప్‌లో కాలేజీ పిల్లల బస్సుల ఇబ్బంది మీద రాయడానికి వెళ్లినప్పుడు, పేరు అడిగితే ఒక అమ్మాయి స్వప్న అంది. తండ్రి పేరు నర్సింలు. నేనెవరో చెప్పాను. నవ్వింది.

"అమ్మ చెప్పింది అంకుల్. మీరు రాసిండ్రంట గదా. అవ్వ జీడి పెడితే పడలేదని."

"నీకేం యాదుంది?" అని అడిగాను. అంతకు మించి ఒక్క మాట కలపలేదు.

చేతిలో పుస్తకాలు సర్దుకుంది. "అవ్వ పెట్టింది యాదిలేదు. దీపం గూడ యాదిలేదు. గంటె యాదుంది. గ్యాసు పొయ్యి మీద నీలం మంట, దాని మీద గంటె ఎర్రగ కాలుతుండె. ఆయమ్మ నా రెట్ట పట్టుకున్నది. అది అబద్ధమని నాకెరుకే అంకుల్. అమ్మ వందసార్లు చెప్పింది. కానీ కండ్లు మూస్తే గదే కనిపిస్తది."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

అనసూయమ్మ ఆ రోజుల్లో గది బయట కట్టెల పొయ్యి మీద వండేది. ఆ వరస గదుల్లో ఎవరి ఇంట్లోనూ గ్యాసు లేదు. స్వప్న చూసిన ఆ నీలం మంట ఎక్కడిదో నాకు తెలియదు. డాక్టరమ్మ అప్పటికే రిటైరై వెళ్లిపోయింది. ఆ మంటను ఎలా ఆర్పాలో నేను ఇంకెవరినీ అడగలేదు.